పిడి ఊడిన తిరగలి

అనగనగనగా, ఆముదాలు తప్ప ఇంకేమీ పండని ఒక మెట్ట ఊళ్ళో, అంకమ్మ అని ఒక పిల్ల ఉండేది. నీకంటే ఓ వేలెడు పొడుగుంటుందేమో, అంతే. ఆ పిల్లకో తమ్ముడు, గురవయ్య. వాడికి ఇంకా నోరు తిరగదు. పేరడిగితే 'గులవయ్య' అని గొప్పగా చెప్పేవాడు.

ఇటు జరిగి పడుకో కన్నమ్మా. దుప్పటి కప్పుకో. ఇది నవ్వే కథ కాదు. భయమేస్తే నా చెయ్యి పట్టుకో. మధ్యలో ఊఁ కొట్టడం మాత్రం ఆపకు.

వాళ్ళమ్మ వెంకాయమ్మ కూలికి పోయేది. నాన్న పలకల గనిలో పని చేస్తూ ఎక్కువగా అక్కడే ఉండేవాడు. ఇంట్లో పిల్లలకి దిక్కు నాయనమ్మ పిచ్చమ్మ. ఆవిడకి నోరెక్కువ. కోపమొచ్చిందంటే నిప్పులు చెరిగేది. కానీ ఆవిడ చేతి ఆముదమంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నమ్మకం.

నాయనమ్మ ఆముదం ఎలా కాస్తుందో అంకమ్మకి కంఠతా వచ్చు. ముందు గింజలు ఎండబోసేది. అప్పుడు వాటిని వేయించేది. ఆ తర్వాత రోట్లో మెత్తగా దంచేది. దంచిన ముద్దని కుండలో వేసి, నీళ్ళు పోసి, పొయ్యి మీద కుతకుతా ఉడికించేది. నూనె పైకి తేలేది. ఆ నూనెని గరిటెతో తీసి సీసాలకెత్తేది.

"పిచ్చమ్మత్తా, పిల్లాడికి కడుపు కట్టింది" అంటూ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. నాయనమ్మ కాళ్ళు బారచాపుకుని, పిల్లాణ్ణి కాళ్ళ మీద వేసుకుని, ఉగ్గుగిన్నెతో కాస్త ఆముదం పట్టేది. వెంటనే నాలిక మీద బెల్లం రాసేది. తెల్లారేసరికి పిల్లాడు హాయిగా నవ్వేవాడు. అది చూసి అంకమ్మకి నాయనమ్మంటే దేవత.

వీధిలో పిల్లలంతా వంటలాట ఆడుకునేవాళ్ళు. అంకమ్మ మాత్రం నాయనమ్మ ఆటే ఆడేది. బొమ్మకి ఆముదం పట్టేది. పిల్లికూనకి పట్టేది. ఎవరూ దొరక్కపోతే రోకలిని పడుకోబెట్టి దానికీ పట్టేది.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ చేలో ఉంది. నాయనమ్మ పక్క వీధిలో బాలింతని చూడ్డానికి బయల్దేరింది. పోతూ పోతూ, "తమ్ముణ్ణి చూసుకో. పొయ్యి జోలికి పోయావంటే చేతులు విరగ్గొడతా" అంది. వాకిట్లో కొత్త ఆముదాలు ఎండబోసి ఉన్నాయి. గోధుమ రంగు మచ్చలతో నున్నగా మెరిసిపోతున్నాయి.

కాసేపటికి గురవడు కడుపు పట్టుకుని వచ్చాడు. పొద్దున్నుంచీ చింతకాయలు నమిలాడు మరి. "అక్కా, నొప్పీ" అని ఏడుపు మొదలుపెట్టాడు.

అంకమ్మ సీసా వెతికింది. ఖాళీ. ఇంకో సీసా చూసింది. అదీ ఖాళీ. అప్పుడు ఆ పిల్లకి వాకిట్లో గింజలు కనిపించాయి. నాకు చేతనవును కదా అనుకుంది.

గింజలు ఎండే ఉన్నాయి. అది సరే. వేయించాలంటే పొయ్యి కావాలి. ఉడికించాలన్నా పొయ్యే కావాలి. అంకమ్మ పొయ్యి ముందు నిలబడి చాలాసేపు ఆలోచించింది. పొయ్యి జోలికి పోవద్దని నాయనమ్మ చెప్పింది. ఇంకో పిల్లయితే పోయేదేమో. అంకమ్మ మాట వినే పిల్ల. అందుకని పొయ్యి పని రెండూ వదిలేసి, గుప్పెడు గింజలు పొట్టు ఒలిచి, రోట్లో మెత్తగా దంచి, ఇంత బెల్లం కలిపి, ఉండలు చేసింది.

పాపం, ఆ పిల్ల చేసిన తప్పల్లా అదే.

కాళ్ళు బారచాపుకుని తమ్ముణ్ణి పడుకోబెట్టుకుంది. "గురవయ్యా, నోరు తెరువు నాయనా" అంది, అచ్చం నాయనమ్మ గొంతుతో. వాడు తిన్నాడు. తియ్యగా ఉంది కదా, "ఇంకోతీ" అన్నాడు. ఇంకోటి పెట్టింది. రోట్లో మిగిలింది వాళ్ళు పెంచుకునే మేకపిల్ల వచ్చి నాకేసింది.

ఆ తర్వాత ఏమీ కాలేదు. అవును కన్నమ్మా, ఏమీ కాలేదు. గురవడు లేచి ఆడుకున్నాడు. మేకపిల్ల గంతులేసింది. అంకమ్మకి గర్వంతో ఒళ్ళు పొంగిపోయింది. నాయనమ్మ రాగానే చెప్పి మెప్పు పొందాలనుకుంది.

దీపాలు పెట్టే వేళకి గురవడికి వాంతి అయ్యింది. మళ్ళీ అయ్యింది. ఆ తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. వాడి ఒళ్ళు వాడిపోయిన తోటకూర కాడలాగా వేలాడిపోయింది.

పొలం నుంచి వచ్చిన అమ్మ వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. "ఏం తిన్నాడే వీడు?" అని అడిగింది. అంకమ్మ చెబుదామని నోరు తెరిచింది. ఇంతలో నాయనమ్మ కేకలేసుకుంటూ లోపలికొచ్చింది. తెరిచిన నోరు మూసుకుపోయింది. "చింతకాయలు" అంది అంకమ్మ. అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు.

అప్పుడు నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఊళ్ళో సూదులేసే కాశయ్య వచ్చి ఒక సూది వేసి పోయాడు. వాంతులు ఆగలేదు. "పిల్లకి తెలియకుండా ఉండదు" అని నాయనమ్మ అంకమ్మ భుజాలు పట్టుకుంది. "ఏమన్నా పెట్టావటే? నిజం చెప్పు!" అంది. అంకమ్మ ఆ కళ్ళలోకి చూడలేక తల దించుకుంది. "ఏం లేదు నాయనమ్మా" అంది. ఇది మాత్రం అబద్ధమే.

తెల్లవారేసరికి పిల్లాడి గుడ్డల్లో నెత్తురు కనిపించింది. అమ్మ గొల్లుమంది. పాలు తీసుకెళ్ళే ఆటో ఆపి, పాలబిందెల మధ్య కూర్చుని, అందరూ పట్నంలో ఆసుపత్రికి బయల్దేరారు. ఆటో కదిలేటప్పుడు అంకమ్మ వాకిట్లోకి చూసింది. మేకపిల్ల కాళ్ళు చాపి పడుకుని ఉంది. దాని మీద ఈగలు ముసురుతున్నాయి. నిన్న సాయంత్రం దాకా గంతులేసిన మేకపిల్ల అది.

ఎందుకు చచ్చిపోయిందో ఆ ఊరి మొత్తంలో అంకమ్మ ఒక్కదానికే తెలుసు.

ఊఁ కొడుతున్నావా? సరే, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావులే.

ఆసుపత్రిలో షంషాద్ అని ఒక డాక్టరమ్మ ఉండేది. ఆవిడ చింతకాయల సంగతి విని, ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయని సెలైన్ సీసా పెట్టింది. ఆ సీసా అయ్యేసరికి గురవడు కళ్ళు తెరిచాడు. నీళ్ళు కావాలన్నాడు. అమ్మ మొహంలోకి ప్రాణం వచ్చింది. అక్కడ ఒక్కో మంచానికి ఇద్దరేసి పిల్లలు. "తేరుకున్నాడు. సాయంత్రం ఇంటికి తీసుకుపోండి" అంది డాక్టరమ్మ.

నాయనమ్మ దండం పెట్టింది. అమ్మ ఏడుస్తూ నవ్వింది. అంకమ్మ మాత్రం ఆలోచనలో పడింది. నోరు మూసుకుంటే చాలు, అంతా సర్దుకుపోతుంది. ఎవరికీ తెలియదు, ఎవరూ కొట్టరు. కానీ మేకపిల్ల కూడా గంతులేసింది కదా. గంతులేసి, ఆ తర్వాతే కదా పడిపోయింది.

డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్ళబోతూ, ఊరికే అడిగినట్టు అడిగింది. "చింతకాయలు కాకుండా ఇంకేమన్నా తిన్నాడా?"

అంకమ్మ ఆవిడ తెల్లకోటు అంచు పట్టుకుంది. "ఆముదం గింజలు. నేనే పెట్టా" అంది. మళ్ళీ చెప్పింది, ఈసారి అందరికీ వినపడేలా.

డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. "మింగాడా, నమిలాడా?"

"నేనే దంచి పెట్టా."

ఆవిడ మొహం మారిపోయింది. లేచి నర్సులకి చకచకా పనులు పురమాయించింది. గురవణ్ణి తన బల్లకి ఎదురుగా ఉన్న మంచం మీదికి మార్పించింది. ఇంకో సీసా పెట్టించింది. పెద్దాసుపత్రికి ఫోన్ చేసి మాట్లాడింది. "ఇంటికి వద్దు. ఇప్పుడు బాగున్నట్టే ఉంటాడు. అసలు కష్టం ఇకముందు వస్తుంది" అని అమ్మతో చెప్పింది.

నాయనమ్మ చెయ్యెత్తింది. అంకమ్మ కళ్ళు మూసుకుంది.

"దంచావు సరే! ఉడకబెట్టలేదేమే? అన్నిసార్లు చూశావు కదే!"

"పొయ్యి జోలికి పోవద్దన్నావు కదా నాయనమ్మా."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఆ తర్వాత అదే చేత్తో తన తల తనే బాదుకుంది. కన్నమ్మా, నాకు ఈ కథలో అన్నిటికంటే బాధేసేది ఇక్కడే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆవిడకి తెలియలేదు. నాకూ తెలియదు.

అమ్మ మంచం పక్క కూలబడింది. అంకమ్మ వరండాలో గోడవార కూర్చుంది. డాక్టరమ్మ పని ముగించుకుని వచ్చి పక్కనే కూర్చుంది. అప్పుడు అంకమ్మ అడిగింది. "తమ్ముడి లోపల ఏం విరిగింది?"

చిన్నపిల్లకేం తెలుస్తుందిలే అని ఆవిడ తోసిపుచ్చలేదు. ఆవిడంటే నాకు గౌరవం అందుకే. ఆవిడ ఏం చెప్పిందో జాగ్రత్తగా విను.

మన ఒళ్ళంతా గదులేనట. కంటికి ఆనని గదులు. చర్మంలో, నెత్తుట్లో, పేగుల్లో, అంతటా గదులే. వాటిని కణాలంటారు. ప్రతి గదిలో మళ్ళీ ఒక లోగది ఉంటుంది. ఆ లోగదిలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంటుంది. మనిషిని ఎలా కట్టాలో మొత్తం ఆవిడకి తెలుసు. ఆవిడ గడప దాటి బయటికి రాదు. కావలసిన పనికి కబురు పంపిస్తుంది.

ఆ కబురు బయట తిరగలి దగ్గరికి చేరుతుంది. ఆ తిరగలి పేరు రైబోజోమ్. కింద చిన్న రాయి, పైన పెద్ద రాయి, మధ్యలోంచి కబురు దారంలా సాగిపోతుంది. మన తిరగలి గింజని పిండి చేస్తుంది కదా, ఇది తలకిందుల తిరగలి. గింజకి గింజ అతికించి దండ చేస్తుంది.

కబురులో అక్షరాలని మూడేసి చొప్పున చదువుతుంది. మూడక్షరాలకి ఒక గింజ. ఏ అక్షరాలకి ఏ గింజ కావాలో తెలిసిన కూలీలు దాన్ని మోసుకొస్తారు. తిరగలి ఒక్క మెట్టు ముందుకు జరుగుతుంది. మళ్ళీ మూడక్షరాలు, మళ్ళీ ఒక గింజ. ఇక చాలు అనే మాట వచ్చేదాకా అంతే. ఆ దండ ముడుచుకుని కండవుతుంది, గోరవుతుంది, వెంట్రుకవుతుంది. దాన్నే ప్రోటీన్ అంటారు.

ఆ పని అంత జాగ్రత్తగా సాగాలి. కొందరికి పుట్టుకతోనే కబురులో ఒక్కక్షరం మారి ఉంటుంది. ఒక గింజకి బదులు ఇంకో గింజ పడుతుంది. ఆ ఒక్కదానికే నెత్తుటి కణం గుండ్రంగా ఉండేది కాస్తా కొడవలిలా వంగిపోయి, మనిషిని జీవితమంతా బాధ పెడుతుంది.

"మరి మా తమ్ముడికి?" అంది అంకమ్మ.

"పచ్చి ఆముదం గింజలో ఒక దొంగ ఉంటాడు" అంది డాక్టరమ్మ.

ఆ దొంగ గదిలోకి దూరతాడు. రాయి పగలగొట్టడు. గింజలు ఎత్తుకుపోడు. లోగదిలో ముసలమ్మ జోలికి పోడు. తిరగలికి పై రాయి మీద ఉన్న పిడి ఊడబీకుతాడు, అంతే. ఆ తర్వాత పక్క తిరగలి దగ్గరికి పోతాడు. అక్కడా పిడి పీకుతాడు. కబురు వస్తూనే ఉంటుంది. గింజలు మోసే కూలీలు గుమ్మంలో నిలబడే ఉంటారు. రాయి రాయిలాగే ఉంటుంది. తిప్పడానికి పిడి ఉండదు.

నిన్న మధ్యాహ్నం గురవడు ఆడుకున్నది అందుకే. అంతకు ముందు చేసిపెట్టుకున్న దండలతో ఒళ్ళు నడిచింది. అవి అరిగిపోయాయి. కొత్తవి రాలేదు. పేగుల గోడలు రోజూ కొత్తగా కట్టుకోవాలి కదా, అవి ముందు కూలాయి.

"పిడి పెట్టే మందు లేదా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "జబ్బు చేసే క్రిములకీ తిరగళ్ళుంటాయి. అవి వేరే రకం. వాటినే ఆపే మందులు నా దగ్గర ఉన్నాయి. మన తిరగలికి ఊడిన పిడి పెట్టే మందు లేదమ్మా. ఒళ్ళే కొత్త తిరగళ్ళు చెక్కుకోవాలి. దానికి టైము కావాలి. వాడి ఒంట్లో నీళ్ళు తగ్గకుండా, నెత్తురు తగ్గకుండా చూస్తూ ఆ టైము నేనిస్తాను. నువ్వు ఇవాళ చెప్పకపోతే ఇవ్వలేకపోయేదాన్ని."

నాయనమ్మ తలుపు పక్కన నిలబడి అంతా వింది. "ఇన్నేళ్ళూ కాచానే, నా ఆముదంలో లేడా ఆ దొంగ?" అని మెల్లగా అడిగింది. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం అంకమ్మ ఎప్పుడూ వినలేదు.

"లేడు. ఆ దొంగ కూడా ఒక దండే పిచ్చమ్మా. తన గింజల్ని ఎవరూ తినకుండా ఆముదం చెట్టు తన తిరగళ్ళ మీద చేసుకున్న దండ. నిప్పు మీద బాగా ఉడికితే అది చిక్కుపడి పనికిరాకుండా పోతుంది" అంది డాక్టరమ్మ.

నాయనమ్మ తల పట్టుకుని కూర్చుంది. నూనె తేలడానికే నిప్పనుకుంది ఆవిడ. వాళ్ళ అమ్మ అలా చేసేది, ఆవిడా అలా చేసింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అందుకే ఆవిడా పిల్లకి చెప్పలేదు.

డాక్టరమ్మ అన్నంతా అయ్యింది. కష్టం ముందుంది. మొదట గురవడి కళ్ళు లోపలికి పీక్కుపోయాయి. తర్వాత వాడి కళ్ళు పచ్చబడ్డాయి. ఆ తర్వాత వాడు పిలిస్తే పలకడం మానేశాడు. కబురందుకుని నాన్న గని నుంచి వచ్చాడు. పలకల దుమ్ము ఒంటి మీద అలాగే ఉంది. పిల్లాడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అంకమ్మని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆ పిల్లకి ఇంకా కష్టమనిపించింది.

అంకమ్మ అన్నం మానేసింది. అమ్మ ముద్ద కలిపి పెట్టబోతే మొహం తిప్పుకుంది. నాయనమ్మ బతిమాలింది, ఆ తర్వాత తిట్టింది, ఆ తర్వాత ఏడ్చింది. డాక్టరమ్మ కూడా చెప్పింది. "నువ్వు తినకపోతే నీ తిరగళ్ళకి గింజలెక్కడివి? ఆ గింజలు వచ్చేది మనం తినే పప్పులోంచీ, పాలలోంచీ, గుడ్డులోంచే." అంకమ్మ విన్నది. కాసిని మంచినీళ్ళు తాగింది. నోట్లోకి మెతుకు మాత్రం పోనివ్వలేదు. నోట్లో ఏం పెట్టుకోబోయినా ఆ బెల్లం ఉండ గుర్తొచ్చేది.

అందరూ అలా కాపలా కూర్చున్నారు. చెయ్యడానికి ఇంకేమీ లేదు కదా. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకున్నారు. సీసాలోంచి చుక్క చుక్కా జారుతూ ఉంది.

అప్పుడు, కన్నమ్మా, ఒక పొద్దున్న గురవడు "నీళ్ళూ" అన్నాడు. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. కళ్ళు చూసింది, పొట్ట నొక్కి చూసింది, నెత్తురు తీయించింది. పైకి ఏమీ చెప్పలేదు. మధ్యాహ్నం వాడు మంచం పట్టీ పట్టుకుని లేవబోయాడు. అప్పుడు కూడా ఏమీ చెప్పలేదు. ఆ మర్నాడు వాడు "ఆకలీ" అని పెద్దగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని డాక్టరమ్మ నవ్వింది. "కొత్త తిరగళ్ళు తిరుగుతున్నాయి" అంది.

నాన్న బయటికెళ్ళి గోడకి తల ఆనించుకున్నాడు. అమ్మ మెత్తటి ఇడ్లీ తెప్పించి, పప్పుకట్టులో నానబెట్టి, గిన్నె వాడి ముందు పెట్టింది. వాడు ఎవరి చేత్తోనూ పెట్టనివ్వలేదు. "నేనే" అన్నాడు. సగం ఒంటి మీద, సగం నోట్లో. అందరూ వాణ్ణే చూస్తున్నారు. అంకమ్మ మాత్రం మంచం చివర నిలబడి, గిన్నె వైపు చూడకుండా, నేల చూస్తోంది.

వాడు తింటూ తింటూ ఆగాడు. ఇంత ఇడ్లీ ముక్క చిదిమి, అక్క వైపు చాపాడు.

"అక్కకి" అన్నాడు.

అంకమ్మ కదల్లేదు. వాడికేం తెలుసు? అక్క ఏం పెట్టిందో తెలియదు, దొంగ సంగతి తెలియదు, తిరగళ్ళ సంగతీ తెలియదు. అక్క తినట్లేదని మాత్రం తెలిసింది. చెయ్యి చాపి అలాగే ఉంచాడు. పప్పుకట్టు మోచేతి దాకా కారుతోంది. చెయ్యి నొప్పెట్టి వాలిపోతోంది. అయినా దించడు.

అంకమ్మ నోరు తెరిచింది.

వాడు ఆ ముక్క అక్క నోట్లో పెట్టాడు. అంకమ్మ నమిలింది. కళ్ళనీళ్ళు ధారగా కారుతుంటే, మెల్లగా నమిలి, మింగింది. "ఇంకోతీ" అన్నాడు వాడు, ఇంకో ముక్క చిదుముతూ.

అదీ కథ, కన్నమ్మా. నువ్వేడుస్తున్నావా? ఏడువులే, మంచి ఏడుపే. ఇవాళ నువ్వు తిన్న పప్పన్నం ఇప్పుడు గింజలు గింజలై నీ లోపల గదులకి పోతోంది. నువ్వు పడుకున్నా అక్కడ పని ఆగదు. ఇక కళ్ళు మూసుకో.

తిరుగు తిరుగు తిరగలీ
తెల్లారిందాకా తిరగాలీ
గింజకి గింజా అతకాలీ
ఒంటికి సత్తువ చేరాలీ
కథేమో కంచికి వెళ్ళాలీ
కన్నమ్మ నిద్దర పోవాలీ